మంత్రిగారి మూడో తరగతి

"నేటి నుంచి మన పల్లెబడిలో పలక పట్టిన ప్రతి చిట్టివేలూ కంప్యూటర్ శాస్త్రాన్ని మీటుతుంది! అ అంటే అల్గారిథమ్! ఆ అంటే ఆటోమేషన్! ప్రపంచం మన బడి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, 'లోపలికి రావచ్చా టీచర్' అని అడుగుతుంది!"

విద్యామంత్రిగారు ఈ చారిత్రక ప్రకటనను ధాన్యం గోడౌను ప్రారంభోత్సవంలో చేశారు. ధాన్యానికీ కంప్యూటర్‌కీ ఏమిటి సంబంధమని వంకలు వెతికేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. మహానుభావులకు సందర్భంతో పని లేదు. వాళ్లు ఎక్కడ నిలబడితే సందర్భమే అక్కడికి నడిచి వస్తుంది.

ఆ రోజు నడిచి రానిది కత్తెర ఒక్కటే. రిబ్బను కట్టారు, పూలు చల్లారు, మైకు సరిచేశారు. కత్తెర మాత్రం ఎవరూ తేలేదు. దాని కోసం మనిషిని తరిమి, మంత్రిగారి పీఏ జనంలోకి చూసి రెండు చేతులతో రబ్బరు సాగదీస్తున్నట్టు సైగ చేశాడు. ఆ సైగ ఎవరికోసమో వాళ్లకి అర్థమైంది. మంత్రిగారికి ఉపన్యాసాలు రాసిపెట్టే మాస్టారు గోడౌను పైకప్పు కింద నిలబడి, ఆహ్వానపత్రిక వెనకవైపు గబగబా ఒక పేరా రాసి వేదిక మీదకి పంపాడు. మంత్రిగారు దాన్ని అందుకుని, రాత్రంతా అదే ఆలోచనతో నిద్రపట్టని మనిషిలా చదివారు. కత్తెర వచ్చేసరికి చప్పట్లు ఇంకా ఆగలేదు.

ఈ మాస్టారు ఒకప్పుడు మూడో తరగతికి పాఠాలు చెప్పుకునేవాడు. దస్తూరి బాగుందని డెప్యుటేషన్ మీద మంత్రిగారి ఆఫీసుకి తీసుకుపోయారు. ఉపన్యాసం ఎక్కడ కుంటితే అక్కడ ఒక పేరా ఊతకర్రలా పెట్టగలడు కనుక ఆయనకి పేరాల మాస్టారని పేరు పడింది. అసలు పేరు జీతం వచ్చిన రోజున మాత్రమే గుర్తొచ్చేది. అల్గారిథమ్ అనే మాట ఆయన కంట్లో ఎలా పడిందంటే, ఒకరోజు బస్సులో పక్కసీటాయన పేపరు చదువుతున్నాడు. మాట ఈ పేజీలో ఉంది, అర్థం తర్వాతి పేజీలో ఉంది. ఆయన పేజీ తిప్పేలోపు మాస్టారు దిగాల్సిన చోటు వచ్చేసింది.

మర్నాడు మంత్రిగారి గదికి పిలుపొచ్చింది.

"మాస్టారూ, నిన్న నేనేదో చాలా గొప్ప మాట అన్నానట కదా!"

"అన్నారండీ."

"పేపర్లన్నీ దాని మీదే. పొద్దున చదివితే నాకే ఒళ్లు పులకరించింది. ఇంతకీ ఏమిటంటావ్ దాని అర్థం?"

"అంటే... పల్లెబళ్లలో చిన్నపిల్లలకి మనం కంప్యూటర్ సైన్సు నేర్పుతామండీ."

"నేర్పుతామా?" మంత్రిగారు కుర్చీలో ముందుకి వంగారు.

"మీరే అన్నారండీ."

"అన్నానా! అయితే నేర్పాల్సిందే. మాట తప్పే వంశం కాదు మాది. ఎవరు నేర్పుతారు?"

పీఏ పైనున్న ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను ఎవరివైపూ చూడకుండా తిరుగుతోంది. ఇక మిగిలింది పేరాల మాస్టారు.

"రాసినవాడికి తెలియకుండా ఉంటుందా?" అన్నారు మంత్రిగారు.

"అయ్యా, నాకు కంప్యూటర్ రాదండీ."

"నాకు చదువు రాదు. విద్యాశాఖ నడపడం లేదూ?"

మధ్యాహ్నానికల్లా మాస్టారు స్పెషల్ ఆఫీసర్ అయిపోయాడు. భయపడ్డాడని చెప్పడం నిజమే గానీ, పూర్తి నిజం కాదు. సాయంత్రం బస్సులో కిటికీ అద్దంలో మొహం చూసుకుంటూ "కంప్యూటింగ్... కంప్యూటింగ్" అని పెదాలు కదిపాడు. ముందుసీట్లో ముసలావిడ వెనక్కి తిరిగి, "పంటినొప్పా నాయనా?" అని అడిగింది.

ఇంట్లో భార్య చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆవిడ పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఊళ్లో అందరూ టీచరమ్మ అంటారు. ఆ బడికి రెండు గదులు. ఒకటి మంచి గది. రెండోది వాన వచ్చిందంటే బయటికన్నా లోపలే ఎక్కువ కురుస్తుంది.

"ఏమోయ్, నన్ను స్పెషల్ ఆఫీసర్ని చేశారు," అన్నాడు చెప్పులు విడుస్తూ.

"దేనికి?"

"కంప్యూటింగ్‌కి."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. "పోయినవారం ఫోన్లో అలారం ఆపడం చేతగాక దాన్ని దిండు కింద పెట్టి పైన మీరు పడుకున్నారు."

"అది వాడకం. ఇది పాలసీ. రెండింటికీ చాలా తేడా ఉంది."

"తా దూర కంత లేదు, మెడకో డోలు," అని ఆవిడ మళ్లీ ఈనెల పనిలో పడింది. కాసేపటికి, "రాసేవాళ్లు ఆ పేరాలోనే మా రెండో గది పైకప్పు సంగతి ఒక ముక్క రాయకపోయారా?" అంది.

"సందర్భం కుదరలేదోయ్."

"గోడౌను పైకప్పు కింద నిలబడే కదా రాసింది!"

ఆయన కాళ్లు కడుక్కోడానికి వెళ్లాడు. కాళ్లు ఎంత కడిగినా ఆ మాట పోలేదు.

తర్వాత సిలబస్ కమిటీ. కంప్యూటర్‌ని దూరం నుంచి గౌరవించే పెద్దలందర్నీ దానిలో వేశారు. మౌస్ బొమ్మకి తోక వెయ్యాలా వద్దా అన్న దగ్గర మొదటి సమావేశం మొదలై, అక్కడే ముగిసింది. తోక ఉంటే పిల్లలు భయపడతారని ఒకాయన, తోక లేకపోతే దేశం వెనకబడుతుందని ఇంకొకాయన కుర్చీల్లోంచి లేచారు. చివరికి తోక సగం వేశారు. ఒకటో తరగతికి 'కంప్యూటర్ మన నేస్తం', రెండో తరగతికి 'నేస్తం అవయవాలు', మూడో తరగతికి 'మంత్రిగారి దూరదృష్టి' పాఠాలు ఖాయమయ్యాయి. పాఠాలూ, ప్రశ్నలూ, జవాబులూ అన్నీ పేరాల మాస్టారే రాశాడు. తెలియని విషయం మీద రాయడం ఎంత హాయో ఆయనకి అప్పుడే తెలిసింది. కలానికి ఎక్కడా అడ్డు తగలదు.

మోడల్ స్కూలుగా ఏ బడిని ఎంచుకుందామని పీఏ అడిగినప్పుడు మాస్టారు భార్య బడి పేరు చెప్పాడు. పెళ్లయినప్పటి నుంచి ఆవిడకి ఏమీ కొనిపెట్టలేదన్న బెంగ ఒకటి ఉండేది. ప్రభుత్వం తరఫున తీర్చుకుందామనుకున్నాడు.

కంప్యూటర్లు వ్యానులో వచ్చాయి. వాటితోపాటు ఆయనే స్వయంగా తయారుచేసిన ఉత్తర్వు కూడా వచ్చింది: 'పరికరములను తడి తగలని గదియందుంచి, తాళము వేసి, తాళంచెవిని కేంద్ర కార్యాలయమున భద్రపరచవలెను.' అది రాసేటప్పుడు 'భద్రపరచవలెను' దగ్గర కలం ఆపి తన భాషకి తానే మురిసిపోయాడు. తడి తగలని గది ఆ బడిలో ఒక్కటే ఉందన్న సంగతి, రోజూ కారే గది గురించి ఇంట్లో వింటున్న మనిషికి, ఆ మురిపెంలో గుర్తురాలేదు.

టీచరమ్మ ఉత్తర్వు రెండుసార్లు చదివింది. కూలీలు వ్యానులోంచి పెట్టెలు దించి మంచి గదిలో పెడుతున్నారు. పిల్లలు పలకలూ సంచులూ చంకనేసుకుని బయటికి వస్తున్నారు.

"ఏవండీ, మరి పిల్లల్ని ఎక్కడ భద్రపరచవలెను?" అంది వ్యానుతోపాటు వచ్చిన భర్తతో.

"వరండా ఉందిగా. గాలీ వెలుతురూ..."

"కంప్యూటర్లకి అవి అక్కర్లేదా?"

ఇంతలో కరెంటు మనిషి వచ్చి మీటరు చూసి, ఈ వైరు ఒక బల్బుకే మూలుగుతోందనీ, ఆ పెట్టెలన్నీ కలిపి మీట వేస్తే ఊరంతా దీపాలు ఆరిపోతాయనీ చెప్పి వెళ్లాడు. కొత్త లైను ఎప్పుడొస్తుందంటే, పైనుంచి రావాలన్నాడు. పైకి చూస్తే మబ్బులు కనిపించాయి. పెట్టెలు విప్పకుండానే తలుపు మూశారు. మంత్రిగారి ఆఫీసు అటెండరు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వ్యానెక్కాడు.

ఆ వారం భార్య ఆయనతో పాఠం గురించి గానీ, పైకప్పు గురించి గానీ ఒక్క మాట మాట్లాడలేదు. "అన్నం పెట్టాను" అనేది. అంతే. అరిస్తే అలవాటే, ఈ మర్యాద మాత్రం ఆయన తట్టుకోలేకపోయాడు. ఇన్‌స్పెక్షన్ అని పేరుపెట్టి ఒకరోజు బడికి వెళ్లాడు.

వరండా నేల మీద సుద్దతో పెద్ద కీబోర్డు గీసి ఉంది. పిల్లలు తొక్కుడుబిళ్లలా గళ్ల మీద గెంతుతూ, ఒక్కో అక్షరం మీద దూకి మాటలు రాస్తున్నారు. తప్పు గడిలో కాలు పెట్టినవాడు వెనక్కి ఒక గంతు వేసి చెరిపేస్తున్నాడు. ఇంకోవైపు ఒకడికి కళ్లకి గంతలు కట్టి నిలబెట్టారు. వాడు యంత్రం. మిగతావాళ్లు ఆజ్ఞలు చెబుతుంటే నడుస్తున్నాడు. చెప్పనిది చేస్తే ఔటు.

"సార్ చేత చేయిద్దామా టీచర్?" అంది గట్టిగొంతు పిల్ల ఒకతి.

"అడగండి. ఆయన ఏది చెప్పినా చేస్తారు. దానికే ఉద్యోగం," అంది టీచరమ్మ.

స్పెషల్ ఆఫీసర్ కళ్లకి గంతలు కట్టారు. నీళ్లబిందె దాకా నడిపించి నీళ్లు తాగించాలి. "ముందుకి నడువు" అంది గట్టిగొంతు. ఆయన నడిచాడు. ఆగమని ఎవరూ అనలేదు. స్తంభానికి నుదురు ఠంగున తగిలింది.

పిల్లలు పకపకా నవ్వారు. ఆ పిల్ల మాత్రం దగ్గరికొచ్చి, ఎంతో పెద్దమనిషి తరహాగా, "మీ తప్పేం లేదు సార్. యంత్రానికి తెలివుండదు కదా. ఆగమని మేం చెప్పలేదు," అంది. తర్వాత వాళ్లంతా గుమిగూడి తమ ఆజ్ఞ ఎక్కడ చెడిందో వెతుక్కున్నారు. 'ముందుకి నడువు, చెయ్యి దేనికైనా తగిలితే ఆగు' అని ఒకడు దిద్దాడు. 'తగలకపోతే?' అని ఇంకొకతి అడిగింది. అడిగేసరికి అందరూ మళ్లీ ఆలోచనలో పడ్డారు.

నుదుటి బొప్పి తడుముకుంటూ మాస్టారు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. 'ఇది జరిగితే ఇలా చెయ్యి, జరగకపోతే ఇంకోలా చెయ్యి' అని పసిపిల్లలు రెండు దారులూ చూసుకుంటున్నారు. తను ఇన్నేళ్లుగా మంత్రిగారికి రాసిన ఏ ఉపన్యాసంలోనూ 'లేకపోతే' అన్న మాట లేదని ఆయనకి తట్టింది. నవ్వొచ్చింది. నవ్వితే బొప్పి నొప్పెట్టింది.

అప్పటినుంచి వీలు దొరికినప్పుడల్లా వెళ్లి వెనక వరసలో కూర్చునేవాడు. ఇంటి దగ్గర భార్య మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది. ఆయన ప్రాణం కుదుటపడింది. ఒకరోజు అన్నం తింటూ, "నేను వెనక్కి వచ్చేస్తానోయ్. బడికి. నీ దగ్గరే వేయించుకుంటా," అన్నాడు.

"రండి. మీకు పైకప్పు కారని చోటు ఒకటి చూసి పెడతా," అంది ఆవిడ. ఆ మాట అంటున్నప్పుడు కంచంలోకి ఇంకో గరిటె వడ్డించింది.

రాజీనామా కాయితం జేబులో పెట్టుకునే లోపు మంత్రిగారి పర్యటన వచ్చి పడింది.

మంత్రిగారు కెమెరాలతో, జనరేటర్‌తో, జనరేటర్‌కి డీజిలు మర్చిపోయిన మనుషులతో వచ్చారు. కంప్యూటర్లు వెలిగే మార్గం లేకపోవడంతో ఫోటోకి ఏం చెయ్యాలో తోచక పీఏ చెమటలు కక్కుతున్నాడు. వరండాలో పిల్లల ఆట మంత్రిగారి కంటబడింది.

"ఇదేమిటి?"

"కంప్యూటింగేనండీ. కళ్లకి గంతలు కట్టుకుని ఒకరు యంత్రం అవుతారు. పిల్లలు చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. సొంతంగా ఏమీ చెయ్యకూడదు," అంది టీచరమ్మ.

"ఇంతేనా! ఇది నాకు వెన్నతో పెట్టిన విద్యమ్మా," అని మంత్రిగారు కళ్లద్దాలు పీఏకి ఇచ్చారు.

ఆయన అద్భుతంగా చేశారని ఒప్పుకోవాలి. కుడికి అంటే కుడికి, ఎడమకి అంటే ఎడమకి. రెండు చేతులూ పైకెత్తమంటే ఎత్తారు. కెమెరాలు టపటపా మెరిశాయి. సరిగ్గా అప్పుడే భోజనాల గంట మోగింది. పిల్లలు ఒక్క ఊపున కంచాలు పట్టుకుని పరుగెత్తారు. చేతులు దించమని చెప్పడం అందరూ మర్చిపోయారు.

మంత్రిగారు నిలబడే ఉన్నారు. అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంత్రికి ఆజ్ఞ ఇచ్చే అధికారం ఏ హోదాకి ఉందో రూల్సులో ఎక్కడా లేదు. "ఎంత ఏకాగ్రత!" అన్నాడు ఒకాయన మెల్లగా. "ఎంత క్రమశిక్షణ!" అన్నాడు ఇంకొకాయన, కాస్త వినబడేట్టు. మంత్రిగారి చేతులు వణకసాగాయి. చివరికి పేరాల మాస్టారు చెవి దగ్గరికి పోయి, "చేతులు దించు. గంత విప్పు," అని గొణిగాడు. ఏకవచనం వాడుతున్నందుకు చేతులు జోడించాడు, కానీ ఆటలో ఆజ్ఞకి బహువచనం లేదు.

మంత్రిగారు గంత విప్పి, కళ్లు చిట్లించి, "ఎంత హాయిగా ఉందయ్యా! ఎవరో చెబుతారు, మనం చేస్తాం. నా రాజకీయ జీవితమంతా కళ్ల ముందు తిరిగింది," అన్నారు.

మర్నాడు పేపర్లలో చేతులెత్తిన మంత్రిగారి ఫోటో పడింది. 'చేతులెత్తేసిన విద్యాశాఖ' అని ఎదుటిపార్టీవాళ్లు దాన్ని గోడలకి అంటించారు. ఈ మంత్రికి తన శాఖ పెట్టిన మూడో తరగతి కంప్యూటర్ పరీక్ష కూడా గట్టెక్కే సత్తా లేదని వాళ్ల నాయకుడు సవాలు విసిరాడు. మంత్రిగారికి పౌరుషం ముంచుకొచ్చింది.

"రాస్తాను! నేనే కాదు, మా శాఖలో అటెండరు దగ్గర్నుంచి అందరూ రాస్తారు. తప్పినవాళ్లు పదవులు వదిలి, పల్లెబడికి పోయి పిల్లల పక్కన కూర్చోవాలి!"

ఈ వాక్యాలు మాత్రం ఎవరూ రాసిచ్చినవి కావు. అందుకే అందరూ హడలిపోయారు.

పరీక్షరోజు మంత్రిగారికి వేరే గది ఇచ్చారు. కుడిచేతికి నొప్పి ఉన్నందువల్ల రాసిపెట్టే మనిషిని పెట్టుకోవచ్చని కమిటీ ఉదారంగా అనుమతించింది. ఆ మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పేరాల మాస్టారి ముందు రెండు పేపర్లు పెట్టారు, ఒకటి మంత్రిగారిది, ఒకటి తనది.

"నాది ముందు రాయి. ప్రోటోకాల్," అని మంత్రిగారు సోఫాలో ఒరిగారు.

ప్రశ్నలన్నీ తను పెట్టినవే. 'యంత్రానికి తెలివి కలదా?' పాఠ్యపుస్తకంలో తను రాసిన జవాబు: 'కలదు. మిక్కిలి కలదు.' మంత్రిగారి పేపరు కనుక ప్రభుత్వ పుస్తకానికి భిన్నంగా రాయకూడదు. 'మిక్కిలి కలదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. 'కంప్యూటర్ తప్పు చేయునా?' 'ఎన్నటికీ చేయదు.' 'కంప్యూటర్ శాస్త్రమునకు మూలమెవరు?' 'మన మంత్రిగారు.'

తర్వాత తన పేపరు ముందుకి లాక్కున్నాడు. కలం పెట్టబోతే నుదుటి మీద బొప్పి ఉన్నచోట చిన్నగా దురద పుట్టింది. 'యంత్రానికి తెలివి లేదు. తెలివంతా చెప్పేవాడిది. చెప్పేవాడికి లేకపోతే ఇద్దరికీ లేదు' అని రాశాడు. 'కంప్యూటర్ తప్పు చేయునా?' 'తప్పు ఆజ్ఞ ఇస్తే, ఆ తప్పును తప్పకుండా చేస్తుంది.' రాస్తుంటే చిన్నప్పుడు లెక్క తెగినప్పటి సంతోషం కలిగింది. జీవితంలో మొదటిసారి ఒక్క పేరా కూడా సాగదీయలేదు.

ఫలితాలు వచ్చాయి. మంత్రిగారు అందరిలోకీ ఫస్టు. పేరాల మాస్టారు తప్పాడు. అటెండరు కూడా పాసయ్యాడు. వాడు మాస్టారి పుస్తకం కంఠతా పట్టాడు. పేపర్లు దిద్దిన పెద్దలు మాస్టారి జవాబుల పక్కన 'పుస్తకం చదవలేదు' అని రాశారు.

ఆయన ఇంటికొచ్చి సంగతి చెప్పాడు. టీచరమ్మ ఆయన ఏమేం రాశాడో అన్నీ అడిగి విన్నది. విని, "మా బడిలో అయితే నూటికి నూరు వేసేదాన్ని," అంది. "అయినా తప్పారుగా. వాళ్ల రూలు ప్రకారం మీరు నా క్లాసులో కూర్చోవాలి. పలక కొనుక్కోండి," అంది.

ఇద్దరూ నవ్వుకున్నారు. పరీక్ష తప్పినందుకు అంత సంబరపడ్డ ఇల్లు ఇంకొకటి ఉండదు.

మంత్రిగారికి సన్మానసభ జరిగింది. ఫస్టు ఎలా వచ్చిందో మంత్రిగారు చెప్పే ఉపన్యాసం కూడా పేరాల మాస్టారే రాశాడు. అది ఆఖరిదని నమ్మి, మనసు పెట్టి రాశాడు. "తెల్లవారుజామునే లేచి చదివేవాణ్ని," అని మంత్రిగారు గద్గదస్వరంతో చదివారు. "కొందరు తప్పారు. వాళ్లని చిన్నచూపు చూడకండి. అందరికీ ఒకేలాంటి బుర్ర ఉండదు." మూడో వరసలో కూర్చుని మాస్టారు తను రాసిన ఆ వాక్యానికి అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. పక్కనున్నాయన జాలిగా ఆయన భుజం తట్టాడు.

అక్కడితో కాయితం అయిపోయింది. మంత్రిగారు మాత్రం మైకు వదల్లేదు.

"ఎదుటిపార్టీవాళ్లు మూడో తరగతి గాలివాటం అంటున్నారు. నేను నాలుగో తరగతి కూడా రాస్తున్నా! మా మాస్టారు తప్పాడు. రూలు ప్రకారం బడికి పంపాలి. కానీ ఆయన పోతే నాకు చదువు చెప్పేదెవరు? అందుచేత ఆయన్ని నాకు ట్యూషన్ మాస్టారుగా వేస్తున్నా. వదిలే ప్రసక్తే లేదు!"

చప్పట్లు గోడౌను నాటికన్నా ఎక్కువసేపు మోగాయి.

మబ్బులు దిగిన రోజునే ట్యూషన్ మొదలైంది. మంత్రిగారి గదిలో బల్ల మీద కొత్తగా అచ్చయిన నాలుగో తరగతి పుస్తకం తెరిచి, పేరాల మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"మొదటి పాఠమండీ. ఆజ్ఞల వరస..."

"మాస్టారూ, పరీక్ష రాసేది నువ్వే కదా?"

"అవునండీ."

"మరి చదవాల్సింది కూడా నువ్వేగా? మన ఇద్దరిలో ఎవరు చదివితే ఏమిటి?" అని మంత్రిగారు సోఫాలో కాళ్లు చాపుకున్నారు. "పైకి చదువు. వింటూ ఉంటా."

పేరాల మాస్టారు పైకి చదివాడు. రెండో పేజీ తిప్పేసరికి గదిలో చదివే గొంతు ఒకటీ, గురక ఒకటీ పోటాపోటీగా వినిపిస్తున్నాయి. తలుపు బయట స్టూలు మీద అటెండరు, వచ్చినవాళ్లందరికీ పెదాల మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు.

బయట వాన కుండపోతగా పడుతోంది. కాసేపటికి మెట్ల మీద బోలెడు కాళ్ల చప్పుడు. టీచరమ్మ గొడుగు మూసి, వెనక తడిసిన సంచులతో పిల్లలందర్నీ నడిపించుకుంటూ లోపలికి వచ్చింది. పాలవ్యాను వాణ్ని బతిమాలి తీసుకొచ్చింది.

"ఏమిటమ్మా ఇది? ఏం కావాలి?" అన్నాడు అటెండరు గుసగుసగా.

"తాళంచెవి. వరండాలోకి నీళ్లొచ్చాయి. మా గది మాకివ్వండి."

"తాళంచెవి సారు అనుమతి లేకుండా ఇవ్వకూడదు. సారు లోపల చదువుకుంటున్నారు. లేపకూడదు."

"చదువుకుంటున్నారా, పడుకున్నారా?"

"రెండూనమ్మా."

"పాఠం ఎవరు చెబుతున్నారు?"

"మీ ఆయనే."

టీచరమ్మ ఒక్క క్షణం తలుపు వైపు చూసింది. తర్వాత చుట్టూ చూసింది. విజిటర్ల హాలు విశాలంగా ఉంది. పైకప్పు ఎక్కడా కారడం లేదు. సోఫాలు ఉన్నాయి, కార్పెట్ ఉంది, లైట్లన్నీ వెలుగుతున్నాయి.

"చెప్పులు గుమ్మం బయట విడవండర్రా. రెండో తరగతి సోఫాల మీద, మూడో తరగతి కింద," అంది.

అటెండరు స్టూలు మీంచి లేచాడు. "అమ్మా, ఇది మంత్రిగారి ఆఫీసు! ఇక్కడ క్లాసేమిటి?"

"లోపల నాలుగో తరగతి జరుగుతోందన్నావుగా నాయనా. బడి అన్నాక మిగతా తరగతులు ఉండొద్దూ?" అని ఆవిడ సంచిలోంచి సుద్దముక్క తీసింది. "గట్టిగా చెప్పండి. నిన్న ఎక్కడ ఆపాం?"

గట్టిగొంతు పిల్ల అందుకుంది. మిగతావాళ్లు కలిశారు. ఆ గొంతులకి లోపల అద్దాల బీరువా సన్నగా అదిరింది. పేరాల మాస్టారు చదవడం ఆపి తలెత్తాడు. వాటిలో ప్రతి గొంతూ ఎవరిదో ఆయనకి తెలుసు. లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

గురక ఆగింది. మంత్రిగారు ఒక కన్ను తెరిచారు.

"ఎవరు మాస్టారూ, బయట?"

"పిల్లలండీ. చదువుకుంటున్నారు."

మంత్రిగారి మొహంలో కలవరం కనిపించింది. లేచి కూర్చుని, పుస్తకం వైపు వేలు చూపించారు.

"పోటీ ఎక్కువైపోతోందయ్యా. ఆపావేం? చదువు, చదువు!"